ఇంజను ఎన్ని గ్రాములు లాగుతుందో చెప్పండి: మోడల్ రైలింజన్ల సమీక్షకులకు బహిరంగ లేఖ

మోడల్ రైలింజన్లను నడిపి చూసి వాటి మంచిచెడ్డలు తెలుగులో చెబుతున్న మిత్రులకు,

విజయవాడ, గుంటూరు నుంచి నమస్కారాలు.

మీ మాట నమ్మి మేం డబ్బు కడుతున్నాం. హెచ్‌ఓ (అసలులో 87వ వంతు కొలత) ఇంజనును దుకాణంలో పట్టాల మీద పెట్టించి, నడిపించి చూసి కొనుక్కునే వీలు మన ఊళ్లలో దాదాపు లేదు. పార్సిల్ విప్పాకే దాని సంగతి తెలుస్తుంది. విదేశం నుంచి తెప్పించుకున్నది బాగా లేదని వెనక్కి పంపాలంటే రవాణా ఖర్చు ఒక దెబ్బ, కట్టిన సుంకం ఇంకో దెబ్బ. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లోనే 20 శాతం నుంచి 60 శాతానికి ఎగబాకింది. కొనేముందు మాకున్న ఆధారం మీ సమీక్ష ఒక్కటే.

ఆ సమీక్షల్లో చాలావరకు జరుగుతున్నదేమిటి? పెట్టె విప్పుతారు, రంగు చూపిస్తారు, లైట్లు వెలిగిస్తారు, గుండ్రటి ట్రాక్ మీద రెండు చుట్లు తిప్పుతారు, ‘స్మూత్‌గా ఉంది, బాగా లాగుతోంది’ అంటారు. మొదటి పది నిమిషాలు దాదాపు ప్రతి కొత్త ఇంజనూ బాగానే నడుస్తుంది. గేరు చీలడం, మోటారు వేడెక్కడం, పాయింట్ల (ఒక దారి రెండుగా చీలే పట్టాల) మీద ఆగిపోవడం, ఎత్తెక్కేటప్పుడు చక్రాలు జారడం అన్నీ ఆ పది నిమిషాల తరవాతివే. ‘బాగా లాగుతోంది’ అంటే ఎన్ని గ్రాములు? ఏ వోల్టేజీ దగ్గర? ఎంత వంపు ఉన్న మలుపులో? మీరు చెప్పిన పరీక్షను మేం ఇంట్లో మళ్లీ చేసి చూసుకోగలగాలి. అదొక్కటే మా కోరిక. దానికి కావలసినవి మల్టీమీటర్, వెర్నియర్ కాలిపర్, వంటింటి డిజిటల్ త్రాసు, స్టాప్‌వాచ్, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, భూతద్దం, చిన్న కప్పీ, 0 నుంచి 15 వోల్టుల వరకు శుద్ధమైన డీసీ ఇచ్చే బెంచ్ సప్లై. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ముందు కొలతల సంగతి. ప్రయాణికుల రైళ్లు లాగే ఎలక్ట్రిక్ ఇంజను డబ్ల్యూఏపీ-7 అసలు పొడవు బఫర్ నుంచి బఫర్ దాకా 20,562 మి.మీ. 1:87 నిష్పత్తిలో అది 236 మి.మీ. రావాలి. 270 మి.మీ. వస్తే ఆ మోడల్ 1:76, అంటే ఓఓ కొలత. హెచ్‌ఓ, ఓఓ రెండూ నడిచేది 16.5 మి.మీ. పట్టాల మీదే కాబట్టి పెట్టె మీది రాత చూసి మోసపోవడం తేలిక. ఆ ఇంజను వెనక హెచ్‌ఓ కోచ్‌లు తగిలిస్తే పెద్దన్న వెనక పసిపిల్లల్లా ఉంటాయి. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ.; 1:87లో 19.3 మి.మీ. కావాలి. 16.5 అనేది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయే కొలత. అందుకే హెచ్‌ఓలో భారతీయ ఇంజను ఏదైనా ముందు నుంచి చూస్తే కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఇది తయారీదారు తప్పు కాదు. కానీ మొదటిసారి కొనేవాళ్లకు మీరు చెప్పకపోతే ఎవరు చెబుతారు?

చాసిస్ (బాడీ కింది చట్రం) ఎక్కడిదో కూడా చూడండి. పాత డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎమ్-2 కింద ఉండేది అమెరికా ఆల్కో కంపెనీ ట్రైమౌంట్ బోగీ. ఇక్కడ బోగీ అంటే రైలు పెట్టె కాదు, ఇరుసులు బిగించిన చట్రం. అందులో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు. మోడల్‌లో సమానంగా ఉంటే, వేరే దేశపు ఇంజను చాసిస్ మీద మన బాడీ కూర్చోబెట్టారన్నమాట. అది నడవడానికి అడ్డం కాదు, ధరకు మాత్రం సంబంధం ఉంది. రంగు విషయంలో మన ఊరివాళ్లకు ఒక సౌకర్యం ఉంది. విజయవాడ స్టేషన్లో కాసేపు నిలబడితే అసలు ఇంజన్లు కళ్లముందే వెళ్తాయి. ట్యూబ్‌లైటు కింద తీసిన వీడియోతో రంగును తేల్చకండి, పగటి వెలుగులో పోల్చండి. ఇంకో చిన్న మాట: ఫొటో కోసం పాంటోగ్రాఫ్ (పైతీగ నుంచి కరెంటు అందుకునే చట్రం) ఎత్తేటప్పుడు రెండూ ఎత్తకండి. మన ఎలక్ట్రిక్ ఇంజన్లు మామూలుగా వెనక పాంటో ఒక్కటే ఎత్తి నడుస్తాయి.

ఇక చక్రాలు. కరెంటు ఇవ్వకముందే ప్రతి ఇరుసుకూ రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కాలిపర్‌తో కొలవాలి. హెచ్‌ఓలో అది 14.4 మి.మీ.కు దగ్గరగా ఉండాలి. ఒక్కచోట కొలిచి వదిలేయకండి. చక్రాన్ని మూడో వంతు చొప్పున తిప్పుతూ మూడుచోట్ల కొలవండి. మూడు అంకెలూ ఒకటి కాకపోతే చక్రం వంకరగా ఎక్కినట్టు. దూరం తక్కువైతే చక్రం వీపు చెక్ రైలును (పాయింట్లలో పట్టా పక్కన ఉండే చిన్న కాపు పట్టాను) ఒరుసుకుని పైకెక్కుతుంది. ఎక్కువైతే అంచు వెళ్లి క్రాసింగ్ ముక్కును (రెండు పట్టాలు కలిసే మొనను) గుద్దుకుంటుంది. ‘పాయింట్ల మీద పట్టాలు తప్పుతోంది, ట్రాక్ బాగాలేదేమో’ అన్న మాట సమీక్షల్లో తరచూ వినిపిస్తుంది. ఆ మాట అనేముందు ఈ కొలత తీశారా? కప్లర్ (బళ్లను తగిలించే కొక్కెం) ఎత్తు కూడా అప్పుడే చూసేయండి. కేడీ తరహా కప్లర్ మధ్య భాగం పట్టా పైఅంచు నుంచి 9.9 మి.మీ. ఎత్తులో ఉండాలి. కిందికి జారితే దాని కింద వేలాడే తీగ పాయింట్లలో తగులుకుంటుంది.

కొత్త ఇంజనును వెంటనే పరీక్షకు పెట్టకండి. సగం వేగంతో, వెనక ఏమీ తగిలించకుండా, ముందుకు అరగంట, వెనక్కి అరగంట తిప్పండి. తరవాత ఇంజనును ఎత్తి ముఖం అటు తిప్పి పెట్టి మళ్లీ అంతసేపు నడపండి. గుండ్రటి ట్రాక్ మీద ఒకే ముఖంగా తిరిగితే బోగీలు ఎప్పుడూ ఒకే పక్కకు మలుపు తీసుకుంటాయి కాబట్టి గేర్లు ఒక పక్కనే సర్దుకుంటాయి. ఈ రెండు గంటలకు ముందు ఒకసారి, తరవాత ఒకసారి కరెంటు కొలిచి రెండు అంకెలూ ఇవ్వండి. ఆ తేడా చూస్తే ఫ్యాక్టరీలో గ్రీజు ఎంత పూశారో, గేర్లు ఎంత బిగువుగా ఉన్నాయో తెలిసిపోతుంది. నూనె తక్కువైందనిపిస్తే ప్లాస్టిక్‌ను తినని మోడల్ నూనె, గుండుసూది మొనతో ఒక్క చుక్క చాలు. కొబ్బరి నూనె మాత్రం వద్దు. చలికాలం తెల్లవారుజామున గడ్డకడుతుంది, కొన్నాళ్లకు జిగురవుతుంది.

వేగం లెక్క చాలామంది ఊహతో చెబుతున్నారు. సూత్రం చిన్నదే. హెచ్‌ఓలో ఒక మీటరు దూరం దాటడానికి పట్టిన సెకన్లతో 313ను భాగిస్తే గంటకు కిలోమీటర్లలో స్కేల్ వేగం వస్తుంది. నాలుగు సెకన్లు పడితే 78. డబ్ల్యూఏపీ-7 అసలు గరిష్ఠ వేగం 140 కాబట్టి మీటరును 2.2 సెకన్లలో దాటాలి. డబ్ల్యూఏజీ-9 వేగం 100, అంటే 3.1 సెకన్లు. 12 వోల్టుల దగ్గర గూడ్స్ ఇంజను 200 పరుగెడితే అది గొప్ప కాదు. గేరు నిష్పత్తి తప్పు. నెమ్మదిగా నడిపినప్పుడు కుదుపులు రావడానికి కారణం కూడా చాలాసార్లు అదే.

అసలు ఇంజను గుణం బయటపడేది నెమ్మదితనంలో. 5 కి.మీ. వేగం అంటే మీటరుకు 63 సెకన్లు. ఆ వేగంతో మూడు మీటర్లు, మధ్యలో కనీసం రెండు పాయింట్లు దాటించండి. అందులో ఒకటి క్రాసింగ్ ముక్కుకు కరెంటు అందని రకం అయి ఉండాలి. ఎన్నిసార్లు ఆగింది, ఏ చోట ఆగింది రాయండి. ఆరు ఇరుసుల ఇంజను ఆగిందంటే పన్నెండు చక్రాల్లో అన్నిటి నుంచీ కరెంటు తీసుకోవడం లేదని అనుమానించాలి. ఇంజనును వెల్లకిలా పడుకోబెట్టి, సప్లై తీగలను ఒక్కో చక్రం జతకు ఆనించి చూస్తే ఏది పనిచేయడం లేదో రెండు నిమిషాల్లో తేలుతుంది. ముందుకు, వెనక్కి వేగాల్లో తేడా ఎక్కువుంటే వర్మ్ గేరు (మోటారు కడ్డీ మీది మర లాంటి గేరు) ముందు వెనకలకు జరుగుతోందేమో చూడండి. సన్నని వాషరు ఒకటి వేస్తే సరిపోయే లోపం అది. దానికోసం ఇంజనునే చెడ్డదనడం అన్యాయం.

ఇప్పుడు లాగుడు. దీన్ని కొలవడానికి బల్ల అంచున చిన్న కప్పీ బిగించండి. కప్లర్‌కు కుట్టు దారం కట్టి, కప్పీ మీదుగా కిందికి వదిలి, చివర కాగితం కప్పు వేలాడదీయండి. దారం పట్టాలకు సమాంతరంగా ఉండాలి. కప్పీ కప్లర్ కన్నా ఎత్తులో ఉంటే ఇంజను వెనక భాగాన్ని పైకి లేపుతుంది, కింద ఉంటే అదనంగా అదుముతుంది. రెండూ తప్పుడు అంకెలే. ఇంజను నడుస్తుండగా కప్పులో కాసిని కాసిని చిన్న మేకులు వేస్తూ పొండి. చక్రాలు తిరుగుతూనే ఇంజను ఉన్నచోటే నిలబడిపోయిన దగ్గర ఆపి, కప్పుతో సహా తూచండి. అయిదుసార్లు చేసి సగటు ఇవ్వండి. చక్రాలన్నీ నడిపేవే అయి, రబ్బరు టైర్లు లేకపోతే, ఇంజను బరువులో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా రావడం మామూలు. 400 గ్రాముల ఇంజనుకు 80 నుంచి 100 గ్రాములు. రబ్బరు టైర్లుంటే ఇంకా ఎక్కువ లాగుతుంది కానీ ఆ చక్రాలు కరెంటు సరిగా తీసుకోవు. రెండో సంగతి చెప్పకుండా మొదటిది మెచ్చుకుంటే సగం నిజం చెప్పినట్టే.

ఈ గ్రాములను కోచ్‌ల లెక్కలోకి మార్చి చెప్పండి. కొనేవాడికి కావలసింది అదే. ఇప్పుడు మన రైళ్లకు వేస్తున్న ఎల్‌హెచ్‌బీ కోచ్ పొడవు 24 మీటర్లు, హెచ్‌ఓలో 276 మి.మీ. అమెరికా మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సిఫార్సు ప్రకారం హెచ్‌ఓ బండి బరువు 28 గ్రాములు, ఆపైన అంగుళానికి 14 గ్రాముల చొప్పున ఉండాలి. అంటే ఈ కోచ్ సుమారు 180 గ్రాములు. కోచ్ ఎంత తేలికగా దొర్లుతుందో తెలియాలంటే మీటరు పొడవు చెక్క మీద పట్టా వేసి, కోచ్ పెట్టి, ఒక చివర మెల్లగా పైకెత్తండి. కొద్దిగా తట్టగానే ఆగకుండా దొర్లిపోయే ఎత్తు 25 మి.మీ. అనుకుందాం. ఆ కోచ్ దొర్లుడు నిరోధం దాని బరువులో 2.5 శాతం. పది కోచ్‌లంటే 1800 గ్రాములు. చదునులో లాగడానికి 45 గ్రాములు కావాలి. 50కి 1 ఎత్తు మీద ఇంకో 36 గ్రాములు, ఇంజను తనను తాను మోసుకోవడానికి 8 గ్రాములు. మొత్తం 89. చదునులో పది కోచ్‌లను అవలీలగా లాగిన 80 గ్రాముల ఇంజను ఆ ఎత్తు మీద నిలబడిపోతుంది. అదే ఎత్తు మలుపులో ఉంటే పరిస్థితి ఇంకా కష్టం. మన ఇళ్లలో జాగా ఇరుకు. ఎత్తూ మలుపూ ఒకేచోట పెట్టుకోక తప్పదు. అందుకని ఏ వ్యాసార్థం మీద పరీక్షించారో తప్పకుండా చెప్పండి. రెడీమేడ్ ట్రాక్ ముక్కల్లో 438 మి.మీ. రెండో వ్యాసార్థంలో నడిచిందా, 571 మి.మీ. నాలుగోది కావాలా అన్నదాన్ని బట్టి మేం బల్ల వెడల్పు నిర్ణయించుకుంటాం. ‘మలుపుల్లో ఇబ్బంది లేదు’ అన్న వాక్యంతో వడ్రంగికి కొలత చెప్పలేం.

కరెంటు మూడు దశల్లో కొలవాలి: ఖాళీగా నడిచేటప్పుడు, చక్రాలు జారేటప్పుడు, మోటారు పూర్తిగా ఆగిపోయినప్పుడు. మూడోది 12 వోల్టులిచ్చి, చక్రాలు తిరగకుండా పట్టుకుని, ఒకటి రెండు సెకన్లలో మల్టీమీటర్ చూసి వదిలేయాలి. ఎక్కువసేపు పడితే మోటారు వైండింగ్ కాలిపోతుంది. ఆ అంకె డీసీసీ (పట్టాల గుండా డిజిటల్ ఆదేశాలు పంపి ఇంజను నడిపే పద్ధతి) డీకోడర్ భరించే ఆంపుల కన్నా ఎక్కువుంటే, ఎప్పుడో ఒకసారి గేరులో వెంట్రుక చిక్కిన రోజున డీకోడర్ మాడుతుంది. ఈ కొలతలన్నీ డీకోడర్ తీసి, దాని బదులు డమ్మీ ప్లగ్ పెట్టి, మామూలు డీసీ మీద తీయండి. డీసీసీ తరంగాన్ని మామూలు మల్టీమీటర్ సరిగా చదవదు. కరెంటును తునకలుగా ఇచ్చే పల్స్ రకం కంట్రోలర్ మీద కూడా అంతే. సౌండ్ డీకోడర్ ఉన్న ఇంజనును డీసీ మీద నడిపి ‘ఆరు వోల్టుల దాకా కదల్లేదు’ అని తప్పు పట్టకండి. ముందు డీకోడర్ మేలుకోవాలి, ఆ తరవాతే మోటారుకు కరెంటు వెళ్తుంది.

వేడి పరీక్ష మన ఊళ్లో తప్పనిసరి. చల్లటి దేశంలో, ఏసీ గదిలో చేసిన పరీక్ష మే నెల విజయవాడకు పనికిరాదు. గది ఉష్ణోగ్రత ఎంతో మొదట రాయండి. ఎనిమిది కోచ్‌లతో ముప్పావు గంట ఆపకుండా నడిపి, వెంటనే బాడీ తీసి మోటారు పైభాగం వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. గది 27 డిగ్రీలున్నప్పుడు మోటారు 55కు చేరిందంటే, గది 40 ఉన్నప్పుడు దగ్గర దగ్గర 68 అవుతుంది. కోర్‌లెస్ (తిరిగే చుట్టలో ఇనుము లేని) మోటారైతే పాత తరహా తక్కువ ఫ్రీక్వెన్సీ పల్స్ కంట్రోలర్ మీద ఇంకా త్వరగా వేడెక్కుతుంది. బాడీ దేనితో చేశారన్నది కూడా ఇక్కడే ముఖ్యం. అచ్చుపోసిన ఏబీఎస్ ప్లాస్టిక్‌కు భయం లేదు. ఇప్పుడు మన దేశపు ఇంజన్ల బాడీలు త్రీడీ ప్రింట్‌లో చాలా వస్తున్నాయి. పీఎల్‌ఏ అయితే 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేసినా వంగిపోతుంది. ‘ప్లాస్టిక్ బాడీ’ అని వదిలేయకుండా ఏ ప్లాస్టికో తయారీదారును అడిగి రాయండి.

దుమ్ము సంగతి కూడా అంతే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అప్పుడే తుడిచిన పట్టాల మీద ఏ ఇంజనైనా రాజులా నడుస్తుంది. సీలింగ్ ఫ్యాను తిరిగే గదిలో మూడు రోజులు ట్రాక్ తుడవకుండా వదిలేసి, అప్పుడు మళ్లీ 5 కి.మీ. పరీక్ష చేయండి. మొదటి రోజు ఆగిన సార్లు, నాలుగో రోజు ఆగిన సార్లు పక్కపక్కన రాస్తే చాలు. కీప్-అలైవ్ కెపాసిటర్ (కరెంటు క్షణం తెగినా ఇంజనును నడిపించేది) ఉందా లేదా అన్న ప్రశ్నకు కూడా అందులోనే జవాబు దొరుకుతుంది.

బాడీ విప్పడానికి దయచేసి వెనకాడకండి. ఇరుసుల మీద బిగించిన ప్లాస్టిక్ గేర్లు పళ్ల మధ్య సన్నగా చీలడం ఈ మోడళ్లలో పాత జబ్బు. చీలితే గేరు వదులై ఇరుసు మీద జారుతుంది, లేదా చీలిక వచ్చినచోట పన్ను ఎడమై చక్రం తిరిగినప్పుడల్లా టిక్కుమంటుంది. ఒక్కోసారి చక్రాల మధ్య దూరం కూడా మారిపోతుంది. భూతద్దంతో ఒక్కో గేరు చూడండి. డైకాస్ట్ చాసిస్‌లో వెంట్రుక లాంటి పగుళ్లు, ఉబ్బు ఉన్నాయేమో చూడండి. జింకు మిశ్రమంలో సీసం వంటి మలినాలు కలిస్తే లోపలి నుంచే పొడిబారుతుంది. గాలిలో తేమ దాన్ని ఎగదోస్తుంది. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లం, తేమకు కొదవ లేదు. విడి గేర్లు, టైర్లు, మోటారు బ్రష్‌లు దొరుకుతాయో లేదో, ఏ కొలతవో రాయండి. దొరకని గేరు ఉన్న ఇంజను రెండేళ్లకు షోకేసు బొమ్మ అవుతుంది.

డీసీసీ గురించి ఎక్కువ చెప్పం. సాకెట్ ఏ రకమో, 8 పిన్నులా, 21 పిన్నులా, నెక్స్ట్18 లేదా ప్లక్స్22నా చెప్పండి. సీవీ (డీకోడర్ సెట్టింగుల) విలువలు మార్చి నడిపించి ఉంటే ఆ విలువలు ఇవ్వండి. ఫ్యాక్టరీ సెట్టింగుతోనే ఒకసారి నడిపి చూపించండి. శబ్దం మాత్రం జాగ్రత్తగా వినండి. డబ్ల్యూడీఎమ్-2లో ఉండేది ఆల్కో 251 నాలుగు స్ట్రోకుల ఇంజను, గూడ్స్ డీజిల్ ఇంజను డబ్ల్యూడీజీ-4లో ఉండేది ఈఎమ్‌డీ 710 రెండు స్ట్రోకులది. ఒకదాని శబ్దం ఇంకోదానిలో పెట్టి అమ్మినా ‘సౌండ్ అదిరింది’ అనే సమీక్షలు వస్తున్నాయి. డీజిల్ షెడ్ ఉన్న ఊరివాళ్లు ఆ మాట విని బాధపడతారు.

ఇంజను ఎలా వచ్చిందో మొదటి వాక్యంలోనే చెప్పండి. సొంత డబ్బుతో కొన్నారా, తయారీదారు పంపారా, తిరిగి ఇవ్వాలా? ఉచితంగా వచ్చిన సరుకు కూడా వెల్లడించాల్సిన సంబంధమేనని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆన్‌లైన్ వినియోగదారుల సమీక్షల కోసం భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా తెచ్చింది. చట్టం మాట అలా ఉంచినా, తయారీదారు ఏరి పంపిన ఇంజనుకూ దుకాణం అరలో నుంచి తీసిన ఇంజనుకూ తేడా ఉంటుంది. వీలైతే రెండోది కూడా తెప్పించి, చక్రాల కొలత, లాగుడు, ఆగుడు కరెంటు మూడూ పక్కపక్కన పెట్టండి. రెండు దొరక్కపోతే ‘ఒక్క ఇంజను మీదే పరీక్షించాం’ అని రాయండి. పదికి ఎనిమిది, అయిదు నక్షత్రాలు మాకు వద్దు. వాటిని చూసి రెండు ఇంజన్లను పోల్చలేం.

ఆరు నెలల తరవాత అదే ఇంజనును మళ్లీ బల్ల మీదికి తీసుకురండి. అదే కప్పీ, అదే కప్పు, అదే మీటరు దూరం. మారిన అంకెలను పాత సమీక్షలోనే తేదీ వేసి చేర్చండి. ఏదైనా ఇంజను పరీక్షలో ఆగిపోతే ఏ పాయింటు మీద, ఏ వోల్టేజీ దగ్గర, ఎంత బరువుతో ఆగిందో రాయండి. తయారీదారు సరిచేసి ఇంకోటి పంపితే దాని ఫలితాలు పక్కన రాయండి, మొదటివి చెరపకండి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరుల్లో మోడల్ రైళ్లు నడుపుకునేవాళ్లం